కొవిడ్ కాలంలో తెలంగాణ: ప్రజాభిప్రాయం, ప్రభుత్వ విధానం, బలహీన వర్గాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

తెలంగాణలో తొలి కొవిడ్ కేసు 2020 మార్చి 2న నమోదైంది. అప్పటి నుంచి రెండేళ్లపాటు ప్రజల ఆలోచన ఎలా మారింది, ఆ మార్పుతో ప్రభుత్వ నిర్ణయాలు ఎలా మారాయి, పేదలూ వలస కూలీలూ చిరుద్యోగులూ వాటి వల్ల ఏం పొందారు, ఏం కోల్పోయారు అన్న విషయాలపై తరచుగా ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి.

వ్యాధి వచ్చిన తొలి రోజుల్లో ప్రజలు దాన్ని ఎలా చూశారు?

మొదట తేలికగా తీసుకున్నారు, ఆ వెంటనే విపరీతంగా భయపడ్డారు. ఈ రెంటికీ మధ్య పట్టుమని నాలుగు వారాలు కూడా లేవు. ఫిబ్రవరి చివరి నాటికి జనంలో ఉన్న పెద్ద అనుమానం కోడిమాంసం తింటే వైరస్ వస్తుందేమోనన్నది. కోళ్ల పరిశ్రమ కుదేలవుతుంటే, రాష్ట్ర మంత్రులు హైదరాబాద్‌లో వేదికపైనే చికెన్ తిని చూపించి ఆ భయాన్ని పోగొట్టే ప్రయత్నం చేశారు. మార్చి మొదటి వారంలో శాసనసభలో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు పారాసిటమాల్ మాత్ర చాలునన్న ధోరణిలో మాట్లాడారు. అదే ముఖ్యమంత్రి మార్చి 22న దేశమంతా పద్నాలుగు గంటలు పాటించిన జనతా కర్ఫ్యూను తెలంగాణలో ఇరవై నాలుగు గంటలు పాటించాలన్నారు, ఆ సాయంత్రమే 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద రాష్ట్రమంతటా లాక్‌డౌన్ ప్రకటించారు. జనం ఇళ్లలో ఉండకపోతే కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వులు ఇవ్వాల్సి వస్తుందని మార్చి 24న హెచ్చరించారు.

ఆ హెచ్చరికను అప్పట్లో చాలామంది తప్పుపట్టలేదన్నది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. భయం ఎక్కువగా ఉన్నప్పుడు ప్రజలు కఠినత్వాన్ని సమర్థతగా చూస్తారు. గ్రామాల పొలిమేరల్లో ముళ్లకంపలు వేసి దారులు మూసేసిన వారూ, ఆసుపత్రిలో పనిచేస్తున్నారన్న కారణంతో వైద్యులనూ నర్సులనూ అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న వారూ సాధారణ పౌరులే. మార్చి నెలాఖరున ఢిల్లీ నిజాముద్దీన్‌లోని మత సమావేశానికి వెళ్లివచ్చినవారిలో ఆరుగురు తెలంగాణలో మరణించినట్లు ప్రభుత్వం ప్రకటించాక, ఆ సమావేశంతో ఏ సంబంధమూ లేని ముస్లింలను, బండి మీద పండ్లు అమ్ముకునేవారితో సహా, అనుమానంగా చూడడం మొదలైంది. ఆ గాయం కేసుల సంఖ్య తగ్గినంత త్వరగా మానలేదు.

రాష్ట్ర స్థాయిలో ప్రజాభిప్రాయాన్ని దేని ఆధారంగా అంచనా వేయవచ్చు?

మన రాష్ట్రాల్లో ప్రభుత్వ విధానాలపై నెలనెలా, ఒకే పద్ధతిలో జరిగే అభిప్రాయ సేకరణలు లేవు. అందువల్ల ఉప ఎన్నికల ఫలితాలు, హైకోర్టులో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాలు, ఉద్యోగ సంఘాల వినతులు, జూనియర్ డాక్టర్ల ఆందోళనలు, ఆసుపత్రి బిల్లులపై వచ్చిన ఫిర్యాదుల వంటివాటిని కలిపి చూడాలి. ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. సంఘం ఉన్నవారి గొంతు, ఇక్కడ ఓటున్నవారి గొంతు, కోర్టు మెట్లెక్కగలిగినవారి గొంతు మాత్రమే గట్టిగా వినిపిస్తాయి. ఒడిశా నుంచి వచ్చి ఇటుక బట్టీలో పనిచేసే కూలీ అభిప్రాయం వీటిలో ఎక్కడా నమోదు కాదు. కింది సమాధానాలను చదివేటప్పుడు ఈ తేడాను దృష్టిలో ఉంచుకోవాలని కోరుతున్నాం.

ప్రభుత్వం మొదట ప్రకటించిన సాయం ఏమిటి? అది ఎవరికి అందింది?

ఆహార భద్రత కార్డు, అంటే జనం ఇప్పటికీ తెల్లకార్డు అని పిలిచే కార్డు ఉన్న 87 లక్షలకు పైగా కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయల నగదు ప్రకటించారు. దేశంలో చాలా రాష్ట్రాల కంటే ముందుగా, లాక్‌డౌన్‌తో పాటే వచ్చిన ప్రకటన ఇది. ఏప్రిల్‌లోనూ మేలోనూ కొనసాగింది. యాసంగి వరి ధాన్యాన్ని గ్రామాల్లోనే కొంటామని హామీ ఇవ్వడం, మూడు నెలల పాటు ఇంటి అద్దె అడగవద్దని, ప్రైవేటు పాఠశాలలు ఫీజులు పెంచవద్దని ఆదేశించడం, హైదరాబాద్‌లో ఐదు రూపాయల అన్నపూర్ణ భోజనాన్ని ఉచితం చేయడం కూడా ఆ రోజుల్లో తీసుకున్న మంచి నిర్ణయాలే. ఈ మాట స్పష్టంగా చెప్పకుండా విమర్శకు దిగడం న్యాయం కాదు.

అయితే ఆ సాయానికి ద్వారం కార్డు. కొత్త కార్డుల కోసం పెట్టుకున్న దరఖాస్తులు అప్పటికే ఏళ్ల తరబడి పెండింగులో ఉన్నాయి. పెళ్లయి వేరుపడిన జంటలు, కార్డులో పేరెక్కని పిల్లలు, ఊరు మారి పట్నం చేరిన కుటుంబాలు లక్షల సంఖ్యలో ఉన్నాయి. 2021 జూలైలో ప్రభుత్వం ఒకేసారి 3 లక్షలకు పైగా కొత్త కార్డులు జారీ చేసింది. వాటిలో ఎక్కువ కుటుంబాలు 2020 వేసవిలోనూ అర్హులే. అప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది దరఖాస్తు రశీదు మాత్రమే. సాయం అందడం, అందకపోవడం పేదరికం తీవ్రతను బట్టి జరగలేదు. జాబితాలో పేరుందా లేదా అన్నదాన్ని బట్టి జరిగింది. తెలంగాణ కొవిడ్ అనుభవంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన అంశమని ఈ పేజీ రాసినవారి అభిప్రాయం.

వలస కార్మికుల విషయంలో ఏం జరిగింది?

తెలంగాణకు వలస కార్మికులు పలు దిక్కుల నుంచి వస్తారు. భవన నిర్మాణానికి బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి, ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా వంటి జిల్లాల నుంచి, ములుగు, భద్రాద్రి, ఖమ్మం ప్రాంతాల్లో మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి ఆదివాసీలు వస్తారు. రైస్ మిల్లుల్లో హమాలీలు చాలావరకు బిహారీలు. "వీరు మన రాష్ట్రాభివృద్ధిలో భాగస్వాములు, ఆకలితో ఉండనివ్వం" అన్న అర్థంలో ముఖ్యమంత్రి భరోసా ఇచ్చారు, మనిషికి 12 కిలోల బియ్యం లేదా గోధుమపిండి, 500 రూపాయలు ప్రకటించారు. కార్డు లేనివారిని కూడా లెక్కలోకి తీసుకున్న నిర్ణయం కనుక ఇది మెచ్చుకోదగినది.

అమలులోనే చిక్కు వచ్చింది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. కూలీలను తెచ్చే కాంట్రాక్టర్లు పేర్లు నమోదు చేయాలని అందులో ఉండేది. అది సరిగా అమలై ఉంటే, ఎవరు ఏ పని స్థలంలో ఉన్నారో మార్చి 2020 నాటికే రికార్డుల్లో ఉండాలి. ఆ రికార్డులు లేకపోవడంతో రెవెన్యూ, పోలీసు, మున్సిపల్ సిబ్బంది అప్పటికప్పుడు తిరిగి లెక్కలు రాయాల్సి వచ్చింది. మేస్త్రీ వదిలేసి వెళ్లిన చోట, నలుగురైదుగురు కలిసి గది అద్దెకు తీసుకున్న చోట, రోజుకో అడ్డా మీద పని వెతుక్కునేవారి విషయంలో లెక్క తప్పింది. రేషన్ పోర్టబిలిటీ, అంటే ఒకచోటి కార్డుతో మరోచోట రేషన్ తీసుకునే వీలు కూడా వారికి ఉపయోగపడలేదు. 2019 ఆగస్టులో దేశంలోనే తొలిసారిగా రాష్ట్రాల మధ్య రేషన్ పోర్టబిలిటీ మొదలైన జంటల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఒకటి. కానీ కార్మికులు ఎక్కువగా వచ్చే ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ 2020 మార్చి నాటికి ఆ వ్యవస్థలో చేరలేదు.

ములుగు జిల్లా మిరప తోటల్లో పనికి వచ్చిన పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక, తోటివారితో కలిసి అడవి దారిన బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి మూడు రోజులు నడిచి, ఇంటికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఏప్రిల్ 18న చనిపోయింది. పన్నెండేళ్ల పిల్ల కూలికి రావడం, వాహనాలు లేక నడవాల్సి రావడం, ఏ శిబిరమూ దగ్గరకు తీయకపోవడం: ఈ మూడింటిలో ఏ ఒక్కటీ వైరస్ చేసింది కాదు.

ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాల నిర్మాణంలో ఉన్న కార్మికులు బకాయి కూలి ఇవ్వాలని, ఇంటికి పంపాలని రోడ్డెక్కారు. మే 1 తెల్లవారుజామున సుమారు 1,200 మందితో లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కార్మికులను సొంత రాష్ట్రాలకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది బయలుదేరింది. వారం తిరిగేసరికి, రైస్ మిల్లుల్లో పనిచేయడానికి బిహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల పైచిలుకు హమాలీలు అదే లింగంపల్లికి ప్రత్యేక రైలులో వచ్చారు. ఆ మనుషులు లేకుండా మన ధాన్యం బస్తాలు లారీ ఎక్కవన్న సంగతిని ఇంతకంటే స్పష్టంగా ఏ నివేదికా చెప్పలేదు.

ఉద్యోగుల జీతాల కోతపై అంత చర్చ ఎందుకు జరిగింది?

2020 మార్చి 30న ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేల జీతాల్లో 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్ వంటి అఖిల భారత సర్వీసుల అధికారులకు 60 శాతం, ఇతర ఉద్యోగులకు, పెన్షనర్లకు 50 శాతం, నాలుగో తరగతి ఉద్యోగులకు 10 శాతం కోత ప్రకటించారు. వైద్య, పోలీసు, పారిశుద్ధ్య సిబ్బందిని ఆ తర్వాత మినహాయించి, పారిశుద్ధ్య కార్మికులకు ప్రోత్సాహకం కూడా ఇచ్చారు. పెన్షన్‌లో సగం ఆపడానికి చట్టబద్ధమైన ఆధారం ఏమిటన్న ప్రశ్న హైకోర్టుకు వెళ్లింది. జూన్‌లో ప్రభుత్వం ప్రత్యేక ఆర్డినెన్స్ తెచ్చి, విపత్తు సమయంలో జీతాలు, పెన్షన్లలో సగం వరకు వాయిదా వేసే అధికారాన్ని తనకు తాను కల్పించుకుంది. తర్వాత పూర్తి జీతాలు పునరుద్ధరించి, ఆపిన సొమ్మును వాయిదాల్లో చెల్లించారు.

ఉద్యోగుల ఆందోళన న్యాయమైనదే. మందులకే పెన్షన్ మీద ఆధారపడే వృద్ధులకు సగం కోత చిన్న దెబ్బ కాదు. కానీ వారికి సంఘం ఉంది, న్యాయవాది ఉన్నారు, చివరికి డబ్బు తిరిగివచ్చింది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే ఆపేసిన ఇంటి పనిమనిషికి ఆగిపోయిన జీతం తిరిగి రాలేదు.

కరోనా పరీక్షలు తక్కువగా చేశారన్న విమర్శలో నిజముందా?

ఉంది. 2020 మే, జూన్ నెలల్లో జనాభా నిష్పత్తిలో చూస్తే పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్ కంటే తెలంగాణలో పరీక్షలు చాలా తక్కువ. ప్రైవేటు ల్యాబ్‌లకు అనుమతి జూన్ మధ్యలో గాని రాలేదు, యాంటిజెన్ పరీక్షలు జూలైలో మొదలయ్యాయి. ఆ లోటు ఎంత పెద్దదో హైదరాబాద్‌లోని శాస్త్ర సంస్థలే చూపించాయి. సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటిని పరీక్షించి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉండవచ్చని 2020 ఆగస్టులో అంచనా వేశారు. నగరంలో జరిపిన యాంటీబాడీల సర్వేలో 54 శాతం మందికి అప్పటికే వ్యాధి సోకి వెళ్లినట్టు 2021 మార్చిలో వెల్లడైంది.

పరీక్షలు తగ్గితే నష్టపోయేది మొదట పేదలే. ఉన్నవాళ్లు సీటీ స్కాన్ తీయించుకుని ఇంట్లో వేరే గదిలో ఉండగలిగారు. ఒకే గదిలో ఆరుగురు బతికే ఇంట్లో, ఎవరికి సోకిందో తెలియకపోతే అందరికీ సోకుతుంది.

హైకోర్టు అంతగా జోక్యం చేసుకోవడం సరైనదేనా?

శాసనసభ చాలా తక్కువ రోజులు సమావేశమైన కాలంలో, ప్రభుత్వాన్ని బహిరంగంగా లెక్కలడిగిన వేదిక హైకోర్టు ఒక్కటే. పరీక్షల సంఖ్య, రోజువారీ బులెటిన్‌లో వివరాలు, వైద్య సిబ్బందికి రక్షణ పరికరాలు, వలస కార్మికులకు ఆశ్రయం, పదో తరగతి పరీక్షలు ఇలా ఎన్నో అంశాలు అక్కడికే చేరాయి. 2021 ఏప్రిల్ 19న కర్ఫ్యూ గురించి 48 గంటల్లో తేల్చాలని కోర్టు అనగా, మరునాడే రాత్రి కర్ఫ్యూ ప్రకటన వచ్చింది. విధానాలు రూపొందించడం కోర్టు పని కాదన్న వాదనలో బలం లేకపోలేదు. కానీ వివరాలు ముందుగానే ప్రజల ముందు ఉంచే ప్రభుత్వాన్ని కోర్టు ప్రతి వారం పిలిపించాల్సిన అవసరం రాదు.

రెండో దశలో ప్రజల మనోభావం ఎలా మారింది?

2020లో జనానికి ఉన్నది వైరస్ భయం. 2021 ఏప్రిల్, మే నెలల్లో అది వ్యవస్థ మీద ఆగ్రహంగా మారింది. పడక కోసం, ఆక్సిజన్ కోసం, రెమ్‌డెసివిర్ ఇంజక్షన్ కోసం మధ్యతరగతి కూడా రోడ్డు మీద పడింది. కేసులు పెరుగుతున్నప్పుడే ఏప్రిల్ 17న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక, 30న వరంగల్, ఖమ్మం కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి. సాగర్ ప్రచారం ముగిసిన కొద్ది రోజులకే ముఖ్యమంత్రికి పాజిటివ్ వచ్చింది. మే 2న, భూ ఆక్రమణ ఆరోపణలపై ఆరోగ్య మంత్రి ఈటల రాజేందర్‌ను మంత్రివర్గం నుంచి తొలగించారు. ఆయన ఆ ఆరోపణలను ఖండించారు. వాటి సంగతి ఎలా ఉన్నా, మరణాలు అత్యధికంగా ఉన్న వారాల్లో రాష్ట్రానికి విడిగా ఆరోగ్య మంత్రి లేకుండా పోయారు.

ఆ కాలంలోనే జరిగిన మంచి పని ఇంటింటి జ్వర సర్వే. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు గడపగడపకూ వెళ్లి, లక్షణాలున్నవారికి పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండానే మందుల కిట్ ఇచ్చారు. ఆసుపత్రి దాకా రాలేనివారి దగ్గరకు వైద్యమే వెళ్లింది, దానికి ఏ కార్డూ అడగలేదు. ఆ పని భుజాన వేసుకున్నది తక్కువ వేతనాలకు పనిచేసే మహిళలే.

ఆంధ్రప్రదేశ్ అంబులెన్సులను సరిహద్దులో ఎందుకు ఆపారు?

హైదరాబాద్ ఆసుపత్రుల మీద ఒత్తిడి పెరిగిందని, పడక ఖాయమైనట్టు ముందే ధ్రువీకరణ ఉంటేనే రానిస్తామని 2021 మే రెండో వారంలో తెలంగాణ నిబంధన పెట్టింది. కర్నూలు దాటాక వచ్చే పుల్లూరు టోల్‌గేటు వంటి చోట్ల రోగులతో సహా అంబులెన్సులు నిలిచిపోయాయి. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. రాయలసీమ రోగికి హైదరాబాద్ పరాయి నగరం కాదు. దశాబ్దాల పాటు పెద్దాసుపత్రులన్నీ అక్కడే కట్టారు, చట్ట ప్రకారం ఆనాటికి అది ఉమ్మడి రాజధాని కూడా. తమ ప్రజలను కాపాడుకోవాలన్న ప్రభుత్వ తాపత్రయాన్ని అర్థం చేసుకోవచ్చు, ఊపిరాడని మనిషిని చిరునామా అడగడాన్ని మాత్రం సమర్థించలేం.

ప్రైవేటు ఆసుపత్రుల ఛార్జీలకు పరిమితి విధించారా?

విధించారు. 2020 జూన్‌లో రోజుకు సాధారణ ఐసోలేషన్ వార్డుకు 4,000, వెంటిలేటర్ లేని ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌తో 9,000 రూపాయలుగా నిర్ణయించారు. ఖరీదైన మందులు, కొన్ని పరీక్షలు ఆ పరిమితిలోకి రాకపోవడంతో బిల్లులు లక్షల్లోనే వచ్చాయి. ఫిర్యాదుల తర్వాత కొన్ని ఆసుపత్రులకు కొవిడ్ చికిత్స అనుమతి రద్దు చేశారు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే కొవిడ్ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. తెలంగాణలో ఆ డిమాండు నెరవేరలేదు. కేంద్ర ఆరోగ్య బీమా పథకమైన ఆయుష్మాన్ భారత్‌లో రాష్ట్రం 2021 మేలో చేరింది.

బడులు మూసివేయడం వల్ల ఎవరు ఎక్కువ నష్టపోయారు?

2020 సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానెల్ టీశాట్ ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకు టీవీ పాఠం కొంత ఆసరా అయింది. కింది తరగతుల పిల్లలు మాత్రం 2021 సెప్టెంబరు 1 వరకు, అంటే దాదాపు ఏడాదిన్నర పాటు బడి ముఖం చూడలేదు. అక్షరాలు నేర్చుకునే వయసులో పోయిన ఆ కాలాన్ని పూడ్చడం పెద్ద తరగతుల వారికన్నా వారికే కష్టం.

ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులది మరో కథ. జీతాలు ఆగి, కూరగాయలు అమ్మినవారు, ఉపాధి హామీ పనికి వెళ్లినవారు ఎందరో. వాళ్ల అవస్థ పత్రికల్లో వచ్చి, అందరినీ కదిలించాక, 2021 ఏప్రిల్ నుంచి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. లక్షకు పైగా మందికి అది అందింది. ప్రజాభిప్రాయం కదిలితే కొత్త జాబితా ఎంత వేగంగా తయారవుతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. కాకపోతే ఆ కదలిక రావడానికే ఏడాది పట్టింది.

ఎన్నికల్లో కొవిడ్ ప్రభావం కనిపించిందా?

నేరుగా కాదు. 2020 డిసెంబరు జీహెచ్ఎంసీ ఎన్నికల్లో అధికార టీఆర్ఎస్ 99 డివిజన్ల నుంచి 56కు తగ్గింది, బీజేపీ 4 నుంచి 48కి పెరిగింది. అక్టోబరు వరదలు, ఇంటికి 10,000 రూపాయల వరద సాయం పంపిణీలో జరిగిన గందరగోళం, ఆ డబ్బు కోసం మీసేవ కేంద్రాల ముందు నిలబడాల్సి వచ్చిన క్యూలు అందులో పెద్ద పాత్ర పోషించాయి. 2021 అక్టోబరులో పోలింగ్ జరిగిన హుజూరాబాద్ ఉప ఎన్నికలో ఈటల గెలుపు వెనుక వేరే కారణాలు ఉన్నాయి. 2023 శాసనసభ ఎన్నికల నాటికి కొవిడ్ ఎవరి ప్రసంగంలోనూ ప్రధానాంశం కాలేదు. ఎక్కువ నష్టపోయిన వలస కార్మికుల ఓట్లు వేరే రాష్ట్రాల్లో ఉన్నాయి.

మృతుల కుటుంబాలకు పరిహారం వచ్చిందా?

సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత, 2021 చివరి నుంచి ఒక్కో మరణానికి 50,000 రూపాయలు విపత్తు నిధి నుంచి ఇచ్చారు. తెలంగాణ అధికారిక మరణాల సంఖ్య సుమారు 4,100. పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు దానికి ఎన్నో రెట్లు. పాజిటివ్ వచ్చిన ముప్పై రోజుల్లోపు మరణిస్తే కొవిడ్ మరణంగానే గుర్తించాలన్న నిబంధన వచ్చాక చాలా కుటుంబాలకు ఆ సాయం దక్కింది. పరీక్షే జరగకుండా ఇంట్లో పోయినవారి కుటుంబాలకు రుజువు చూపే దారి లేకపోయింది. 2020లో పరీక్షలు తగ్గించడం వల్ల కలిగిన నష్టం ఏడాది తర్వాత ఇలా మళ్లీ వారి మీదే పడింది.

ఆ అనుభవం తర్వాత విధానంలో ఏం మారింది, ఏం మిగిలి ఉంది?

ఆసుపత్రుల విషయంలో మార్పు కనిపిస్తుంది. గచ్చిబౌలిలో క్రీడా గ్రామం భవనాన్ని టిమ్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రిగా మార్చిన తర్వాత, 2022 ఏప్రిల్‌లో సనత్‌నగర్, ఎల్బీనగర్, అల్వాల్‌లలో పెద్దాసుపత్రులకు, అంతకుముందే వరంగల్‌లో మరొకదానికి శంకుస్థాపన చేశారు. జిల్లాల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2022 నవంబరులో ఎనిమిది, 2023 సెప్టెంబరులో తొమ్మిది మొదలయ్యాయి. గాంధీ ఆసుపత్రి ఒక్కదాని మీదే భారం వేయవద్దని 2020 జూన్‌లో జూనియర్ డాక్టర్లు రోడ్డు మీద కూర్చుని అడిగింది ఇదే.

జాబితాల విషయంలో మార్పు నెమ్మదిగా సాగుతోంది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పరిధిలోకి రమ్మంది. అదే ఏడాది ఆగస్టులో అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది. అందులో పేరున్నంత మాత్రాన, ఇటుక బట్టీలో ఉన్న కుటుంబం ఇవాళ ఏ మండలంలో ఉందో అధికారికి తెలియదు. బట్టీ యజమాని, బిల్డరు, మిల్లు యజమాని తమ దగ్గర పనిచేసేవారి పేర్లను ఏటా సీజను మొదట్లోనే కార్మిక శాఖకు ఇవ్వాలి. శాఖ సిబ్బంది పని స్థలానికి వెళ్లి సరిచూడాలి. ఆ వివరాలు పౌర సరఫరాల శాఖకూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ చేరాలి. ఈ పనికి కొత్త చట్టం అక్కర్లేదు, తనిఖీకి వెళ్లే సిబ్బంది కావాలి. ఆ ఖాళీలను భర్తీ చేయడానికి మరో వైరస్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.